స్టెరాయిడ్లకు ఒక నోటుపుస్తకం

నాన్నకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలాక నేను మొదట కొన్నది వంద పేజీల నోటుపుస్తకం. తేదీ, మందు, మోతాదు, ఎందుకు, ఎవరిచ్చారు అని గడులు గీశాను. స్టెరాయిడ్లకు మీరూ అలా గీయండి. ఒత్తిడి వేళ ఒంట్లో ఊరే కార్టిసాల్‌కు ఇవి దాయాదులు. ఈ జబ్బులో ఒకచోట కాపాడతాయి, మరోచోట అడ్డుపడతాయి.

నాన్నకు పెమెట్రెక్సెడ్ అనే కీమో మందు ఎక్కించేవారు. దానివల్ల దద్దుర్లు రాకుండా కీమో ముందురోజు, ఆ రోజు, మర్నాడు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ 4 మిల్లీగ్రాముల మాత్ర రెండు పూటలా రాశారు. ఒక పూట మరిచిపోతే ఆసుపత్రికి చెప్పండి, దాచవద్దు. మొదటిసారి రెండో మాత్ర రాత్రి వేశాం. అర్ధరాత్రి దాటాక రెండింటికి నాన్న నిద్రపట్టక ట్రంకుపెట్టె సర్దుతూ కనిపించారు! డాక్టరును అడిగి దాన్ని మధ్యాహ్న భోజనం తర్వాతకు మార్చుకున్నాం.

నాన్నకు షుగర్ ఉంది. పరగడుపున 130 చూసి మురిసిపోయాను. సాయంత్రానికి 340. పొద్దున వేసిన స్టెరాయిడ్ ప్రభావం మధ్యాహ్నం నుంచి తెలుస్తుంది. ఆ మూడు రోజులూ భోజనమైన రెండు గంటలకు కూడా పరీక్షించి, అంకె రాసి డాక్టరుకు చూపండి.

తర్వాత ఇమ్యూనోథెరపీ కలిపారు. అది రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పుతుంది, స్టెరాయిడ్ దాన్ని జోకొడుతుంది. ఆ చికిత్స మొదలయ్యే నాటికే రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆపైన ప్రెడ్నిసోన్ అనే మరో స్టెరాయిడ్‌కు సమానమైన స్టెరాయిడ్ వాడుతున్నవారిలో ఫలితం తక్కువగా ఉందని 2018లో ఒక అధ్యయనం వచ్చింది. వారిలో చాలామందికి జబ్బే ముదిరి ఉంటుంది కాబట్టి నేరమంతా మందుదే అనలేం. అంకెలతోనూ జాగ్రత్త: డెక్సామెథసోన్ 4 అంటే ప్రెడ్నిసోన్ 25 పైమాటే.

'ఎవరిచ్చారు' గడి విలువ నాన్న మోకాలి నొప్పప్పుడు తెలిసింది. ఊళ్లో ఒకాయన 'బలానికి' అని సూది వేశారు. పట్టుబట్టి ఖాళీ సీసా చూస్తే డెక్సామెథసోన్. అది వెంటనే పుస్తకంలోకి ఎక్కింది, డాక్టరుకూ చెప్పాం.

అలాగని స్టెరాయిడ్ అంటే బెదిరిపోకండి. ఇమ్యూనోథెరపీ వల్ల ఊపిరితిత్తులే వాస్తే, దానికి ముఖ్యమైన మందు స్టెరాయిడే. దగ్గు, ఆయాసం కొత్తగా పెరిగితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. అప్పుడిచ్చే మోతాదును వారాల తరబడి మెల్లగా దించుతారు. తేలికపడిందని మధ్యలో మానేస్తే, అన్నాళ్లూ పని మాని పడుకున్న, కార్టిసాల్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు వెంటనే లేవవు. నీరసం, వాంతులు మొదలై బీపీ ప్రమాదకరంగా పడిపోవచ్చు. అందుకే నా పుస్తకంలో ప్రతి మాత్ర పక్కనా 'ఎప్పుడు, ఎలా తగ్గించాలి' అని ఆరో గడి చేరింది. దాన్ని డాక్టరు చేతనే రాయిస్తాను.