ఉబ్బిన ఫోన్‌కి రబ్బరు బ్యాండు వేయకండి

ఫోన్ వెనక మూత కాస్త లేచినట్టు కనిపిస్తున్నా, స్క్రీన్ ఒకవైపు విడిపోయి సందులోంచి వెలుతురు వస్తున్నా, మిగతాది తర్వాత చదవచ్చు, ముందు చార్జింగ్ తీసేసి ఫోన్ స్విచాఫ్ చేయండి. వైజాగ్ కంచరపాలెంలో మాకు తెలిసిన పిన్నిగారు ఒకావిడ ఇలాంటి ఫోన్‌కే అడ్డంగా రెండు రబ్బరు బ్యాండులు వేసి, పైన పౌచ్ తొడిగి వాడుతున్నారు. అడిగితే "ఏం కాదులే బాబూ, బాగానే మోగుతోంది కదా" అన్నారు. పౌచ్ తీసి బల్ల మీద పెట్టి చూస్తే నాలుగు మూలలూ ఆనలేదు, మధ్యలో ఉబ్బెత్తు మీద నిలబడి వేలితో తాకగానే గిరగిరా తిరిగింది. మీ ఫోన్‌ని కూడా అప్పుడప్పుడు ఇలా చూసుకోండి. కెమెరా బయటికి పొడుచుకొచ్చిన ఫోన్లకి బల్ల పరీక్ష కుదరదు, వాటిని కళ్ల ఎత్తులో పక్కనుంచి పట్టుకుని అంచు పొడవునా ఒకే మందంగా ఉందా లేదా చూడాలి.

ఉబ్బింది లోపలి బ్యాటరీ, ఆ ఉబ్బులో ఉన్నది గ్యాస్. ఫోన్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీ లోపల ప్లస్సు పొరకీ మైనస్ పొరకీ మధ్య తల వెంట్రుక కంటే సన్నటి ప్లాస్టిక్ తెర ఉంటుంది, ఆ పొరలన్నీ నిప్పంటుకునే ద్రవంలో నానుతూ ఉంటాయి. బ్యాటరీ పాతబడినా, అదేపనిగా వేడెక్కినా, తయారీలోనే తేడా ఉన్నా ఆ ద్రవం చెడి గ్యాస్ పుడుతుంది. దాన్ని బ్యాండుతో బిగించినా, చేత్తో అదిమినా, గాలి పోతుంది కదా అని పిన్నుతో గుచ్చినా తెర చిరిగి లోపలే షార్ట్ అవ్వచ్చు, అలా అయితే వేడికి ఇంకా వేడి తోడై చూస్తుండగానే మంట లేస్తుంది. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు, ఉబ్బిన ప్రతి బ్యాటరీ పేలదు. కానీ ఏది పేలుతుందో బయటినుంచి చూసి ఎవరూ చెప్పలేరు.

కాబట్టి ఉబ్బిన ఫోన్‌ని మళ్లీ చార్జింగ్ పెట్టకండి, "ఫోటోలు కాపీ చేసుకునేంత వరకే" అని కూడా పెట్టకండి, ఫోటోలు కొత్త బ్యాటరీ వేయించాక తీసుకోవచ్చు. ఒక పింగాణీ పళ్లెంలోనో, పొడి ఇసుక పోసిన మట్టి కుండలోనో పెట్టి, బట్టలకీ కర్టెన్లకీ గ్యాస్ సిలిండర్‌కీ దూరంగా, ఎండ పడని చోట, పిల్లలకి అందకుండా ఉంచండి. వీలైతే ఆ రోజే సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి, బ్యాగులో పుస్తకాల మధ్య కుక్కకుండా విడిగా పట్టుకెళ్లండి.

ఇక అసలు శత్రువు వేడి. మన వైజాగ్‌లో ఎండ ఒక ఎత్తు, ఉక్క ఒక ఎత్తు. చాలా ఫోన్లకి కంపెనీలు చెప్పే పరిమితి చుట్టూ గాలి 35 డిగ్రీల వరకే, మనకి మే నెలలో అది మామూలుగానే దాటుతుంది. బీచ్ రోడ్డులో కారు ఎండలో ఆపి డాష్‌బోర్డు మీద ఫోన్ వదిలేసి సముద్రం దగ్గరికి వెళ్తారు, అద్దాలు మూసిన కారులో వేడి బయటికంటే ఎంతో ఎక్కువకి పోతుంది. డెలివరీ పని చేసే కుర్రాళ్లని చూస్తే నాకు ఎక్కువ టెన్షన్: బండి హ్యాండిల్‌కి ఫోన్ బిగించి, నడినెత్తిన ఎండలో, మ్యాప్ నడుస్తుండగా, స్క్రీన్ ఫుల్ వెలుగులో, అదే సమయంలో పవర్ బ్యాంక్ నుంచి చార్జింగ్. ఇంత వేడీ ఒకేసారి బ్యాటరీ మీదే పడుతోంది. తమ్ముళ్లూ, దారి తెలిసిన ఏరియా అయితే స్క్రీన్ ఆపి మ్యాప్ వాయిస్ వింటూ వెళ్లండి, ఆర్డర్ కోసం ఆగినప్పుడు నీడలో పెట్టి చార్జ్ చేసుకోండి. ఫోన్ బాగా కాలుతుంటే పౌచ్ తీసి ఫ్యాన్ కింద పెట్టండి చాలు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, అందులోంచి తీశాక ఈ తేమకి లోపల నీరు పట్టేస్తుంది.

రాత్రి చార్జింగ్ గురించి అందరూ అడుగుతారు. ఇప్పటి ఫోన్లు నూరు శాతం నిండగానే కరెంటు తీసుకోవడం తామే ఆపేస్తాయి, అంచేత రాత్రంతా పెట్టినంత మాత్రాన ప్రమాదం కాదు. ప్రమాదం ఎక్కడంటే తలగడ కింద, పరుపు మీద, దుప్పటి మడతల్లో పెట్టినప్పుడు, ఎందుకంటే వేడి బయటికి పోయే దారి ఉండదు. బల్ల మీద, గట్టు మీద పెట్టండి. బ్యాటరీ ఎక్కువ కాలం రావాలంటే 20 నుంచి 80 శాతం మధ్య తిప్పుకోవడం మంచిది, చాలా ఫోన్లలో 80 దగ్గర ఆపే సెట్టింగు కూడా ఉంది. పూర్తిగా సున్నాకి దింపి ఎక్కించాలన్నది పాతకాలపు నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటి మాట, లిథియంకి అది నష్టమే. అయితే తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు ఈ 80 లెక్క పక్కన పెట్టి ఫోనూ పవర్ బ్యాంకూ నూరు నింపుకోండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టాక ఎన్నో వీధుల్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్ ఉన్నా మాట్లాడలేని పరిస్థితి ఈ ఊరికి బాగా గుర్తు.

చార్జర్ దగ్గర డబ్బు మిగుల్చుకోవద్దు. రోడ్డు పక్క దొరికే పేరూ ఊరూ లేని అడాప్టర్లలో 230 వోల్టుల భాగానికీ ఫోన్‌కి వెళ్లే 5 వోల్టుల భాగానికీ మధ్య ఉండాల్సిన ఎడం సరిగా ఉండదు, అక్కడ తేడా వస్తే ఇంటి కరెంటు నేరుగా మీ చేతిలోని ఫోన్‌కి వచ్చేస్తుంది. అడాప్టర్ మీద, పవర్ బ్యాంక్ మీద బీఐఎస్ (వస్తువుల నాణ్యతా ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ) గుర్తు, 'ఆర్'తో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబరు ఉన్నాయా చూడండి. గుర్తు ఎవరైనా అచ్చువేయగలరు కాబట్టి ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, అది ఏ కంపెనీ పేరుతో వస్తుందో, చేతిలో ఉన్న వస్తువుతో కలుస్తుందో సరిచూసుకోండి. ఎక్కువ వాట్ల చార్జర్ పెడితే బ్యాటరీ పోతుందని భయపడక్కర్లేదు, సరైన చార్జర్ అయితే ఎంత కావాలో ఫోనే అడిగి తీసుకుంటుంది.

జగదాంబ, డాబాగార్డెన్స్ వైపు బ్యాటరీ మార్పించేటప్పుడు కాస్త దగ్గరుండి చూడండి. ఫోన్ బ్యాటరీని గమ్ముతో అంటిస్తారు, దాన్ని ఇనప పట్టకారుతోనో స్క్రూడ్రైవర్‌తోనో పెకలిస్తే గుచ్చుకునే ప్రమాదం ఉంది, ప్లాస్టిక్ పనిముట్టుతో నెమ్మదిగా తీయమని గట్టిగా చెప్పండి. కొత్త బ్యాటరీ లేబుల్ మీద ఐఎస్ 16046 (బ్యాటరీల భద్రతకి బీఐఎస్ పెట్టిన ప్రమాణం నంబరు) అని, పక్కన ఆ 'ఆర్' నంబరు అని ఉండాలి. "ఒరిజినలే సార్" అన్న మాట ఒక్కటీ సరిపోదు.

ఇంట్లో పెద్దవాళ్లకి కీప్యాడ్ ఫోన్ ఉంటే, విడి బ్యాటరీని చిల్లరతో, తాళాలతో కలిపి జేబులో వేయొద్దని చెప్పండి. నాణెం రెండు టెర్మినల్స్‌కీ తగిలితే అక్కడే షార్ట్.

సముద్రపు నీళ్లలో పడ్డ ఫోన్‌ని చార్జింగ్ పెట్టడం అన్నిటికంటే చెడ్డ పని. ఉప్పునీరు కరెంటుని బాగా పారిస్తుంది, పిన్నులని తినేస్తుంది. వెంటనే ఆఫ్ చేసి, తుడిచి, షాపులో విప్పించి శుభ్రం చేయించండి. బియ్యం డబ్బాలో పెడితే ఉప్పు పోదు, పిండి వెళ్లి పోర్టులో చేరుతుంది. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్లేవాళ్లు 32 కిలోమీటర్లూ వానలోనో చెమటలోనో నడుస్తారు, ఫోన్‌ని, పవర్ బ్యాంక్‌ని వేర్వేరు ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకోండి, తడి పోర్టులో వైరు గుచ్చకండి.

ఒకవేళ ఫోన్ బుసకొడుతూ పొగ వస్తే, దాన్ని పట్టుకోవద్దు. చార్జింగ్‌లో ఉంటే ముందు మెయిన్ ఆఫ్ చేయండి, పిల్లల్నీ పెద్దల్నీ గది బయటికి పంపండి, పొగ విషం కాబట్టి పీల్చకండి. దగ్గరికి వెళ్లగలిగేంత చిన్న మంట అయితే దూరం నుంచి నీళ్లు ధారాళంగా పోయండి, ఇక్కడ కావాల్సింది చల్లబరచడం. ఆరినట్టు కనిపించినా మళ్లీ అంటుకోవచ్చు, చాలాసేపు కదపొద్దు. మంట పెద్దదైతే బయటికి వచ్చేసి 101కి ఫోన్ చేయండి.

విమానం ఎక్కేవాళ్లకి ఒక్క మాట, పవర్ బ్యాంక్ చెకిన్ సూట్‌కేసులో వేయకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి. 100 వాట్ అవర్ల (బ్యాటరీలో ఎంత శక్తి పడుతుందో చెప్పే కొలత) లోపుదైతే ఎయిర్‌లైన్ అనుమతి అక్కర్లేదు. 20,000 ఎంఏహెచ్ అంటే సుమారు 74 వాట్ అవర్లు.

పాత బ్యాటరీని చెత్త బండిలో పొడి చెత్తతో కలిపి వేయకండి. బండిలో చెత్తని నొక్కేటప్పుడు అది నలిగితే అక్కడే అంటుకుంటుంది, ఆ బండి మీద మనుషులు పనిచేస్తుంటారు. టెర్మినల్స్ మీద ఇన్సులేషన్ టేప్ అంటించి, బ్యాటరీ మార్చిన సర్వీస్ సెంటర్‌లోనే ఇచ్చేయండి, లేదా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి. బీరువాలో ఏళ్ల తరబడి పడున్న పాత ఫోన్లు కూడా ఈ వారం ఓసారి బయటికి తీసి చూడండి, ఉబ్బినవి ఉంటే వాటినీ అక్కడికే పంపేయండి.