పిల్లలకు మొదటి దెయ్యం సినిమా చూపించేటప్పుడు

నేను మొదటి దెయ్యం సినిమా చూసింది 1993 ఎండాకాలం సెలవుల్లో, కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఉండే మా చిన్నాయన వాళ్ల ఇంట్లో. నాకప్పుడు తొమ్మిదేళ్లు. కలర్ టీవీ, వీసీఆర్ ఒక రాత్రికి కిరాయికి తెచ్చారు. వాటితో మూడు క్యాసెట్లు. మొదటిది దేవుడి సినిమా, రెండోది ఫైటింగ్ సినిమా, మూడోది అంతకు ముందు ఏడాది వచ్చిన ‘రాత్రి’. రామ్‌గోపాల్ వర్మ తీసింది, రేవతి చేసింది. అది పెట్టేసరికి అర్ధరాత్రి దాటింది. వాడకట్టు పిల్లలు సగం మంది చాపల మీదే నిద్రపోయారు. నేను మాత్రం చివరిదాకా కూర్చున్నాను.

తర్వాత మూడు రోజులు జ్వరం. ఏడాది దాకా చీకటి పడ్డాక ఒక్కదాన్నే పెరట్లోకి పోలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ సినిమా చూసిన రెండు గంటలకన్నా, అది అయిపోయిన తర్వాతి గంటే నన్ను ఎక్కువ జడిపించింది. అందుకే పోయిన ఎండాకాలం మా ఇంట్లో పిల్లలు ‘దెయ్యం సినిమా పెట్టు’ అని వెంటపడినప్పుడు వద్దనలేదు. రెండు రోజులు ఆగమని చెప్పి, ఆ రెండు రోజులు తయారీ చేసుకున్నాను. ఏమేం చేశానో రాస్తున్నాను. సెలవులకు పిల్లలు చేరే ఇళ్లకు పనికొస్తుంది.

ఎవరికి చూపించాలి

మా ఇంట్లో అప్పుడు ముగ్గురున్నారు. నా బిడ్డకు పదేళ్లు, మా తమ్ముని కొడుకుకు పన్నెండు, వాని చెల్లెకు ఆరు. ఆరేళ్లదానికి చూపించలేదు. ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలు ముఖ్యంగా రూపాన్ని చూసి భయపడతారు. విరబోసుకున్న జుట్టు, తెల్లగుడ్లు, వికారమైన ముఖం కనిపిస్తే చాలు. ‘అది నిజం కాదు, మేకప్’ అని ఎంత చెప్పినా వాళ్లకు ఆసరా కాదు. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం ఒక్కటే పనిచేస్తుంది. కొంచెం పెద్దయ్యాక భయం మారుతుంది. ఇంట్లోకి ఎవరైనా వస్తారేమో, అమ్మకు ఏమైనా అవుతుందేమో అని, జరగడానికి వీలున్న వాటి గురించి భయపడతారు. ఆ వయసు వాళ్లతో మాట్లాడవచ్చు, మాటకు ధైర్యం వస్తుంది.

చిన్నదాన్ని పక్క అర్రలో పడుకోబెట్టి తలుపు వేస్తే సరిపోతుందని అనుకోకండి. బొమ్మ కనిపించకుండా అరుపులు మాత్రమే వినిపిస్తే ఇంకా ఘోరం, మిగతాది వాళ్లే ఊహించుకుంటారు. నేను దాన్ని మా అమ్మతో భద్రకాళి గుడికి పంపాను. గుడి చూసి, చెరువు కట్ట మీద తిరిగి, మధ్యాహ్నం భోజనానికి వచ్చారు.

సర్టిఫికెట్ కూడా చూడండి. 2024 నుంచి సెన్సార్ వాళ్లు యూఏను, అంటే పెద్దల తోడుతో పిల్లలు చూడదగ్గ సినిమాలకిచ్చే సర్టిఫికెట్‌ను, మూడు రకాలు చేశారు, 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్ అని. ఓటీటీలో సినిమా మొదలయ్యే ముందు కూడా వయసు చూపిస్తారు, దాని పక్కన హింస, భయం అని కారణం రాసి ఉంటుంది. ‘ఏ’ అని, అంటే పెద్దలకు మాత్రమే అని ఉంటే పిల్లల ముందు ఆ సినిమా మాటే ఎత్తవద్దు.

సినిమా ఎంచుకోవడం

నేను 1995లో వచ్చిన ‘అమ్మోరు’ తీసుకున్నాను. కోడి రామకృష్ణ తీసిన సినిమా. సౌందర్యకు కష్టం వచ్చినప్పుడల్లా అమ్మోరుగా రమ్యకృష్ణ ఉంటుంది. మొదటి సినిమాకు ఇది ముఖ్యం అనిపించింది నాకు. భయపెట్టే వాడున్నాడు, వాడి మంత్రాలున్నాయి, కానీ వాడిని మించిన దిక్కు ఒకటి కథలోనే ఉంది, చివరికి వాడు ఓడిపోతాడు. మన పిల్లలకు అమ్మోరు కొత్త కాదు. పోచమ్మకు బోనం ఎత్తుకుని పోయే ఇంట్లో పుట్టినవాళ్లు, ఆ తల్లి తెర మీదికి వస్తే గుర్తుపడతారు. దెయ్యం ఇంకా బతికే ఉందని చూపిస్తూ ముగిసే సినిమాలు మొదటిసారికి వద్దు. ఆ చివరి బొమ్మతోనే పిల్లలు మంచం ఎక్కుతారు.

ముందు రోజు రాత్రి ఒక్కదాన్నే కాగితం, పెన్ను పెట్టుకుని మొత్తం చూశాను. పదిహేనేళ్ల కింద చూశాను కదా, గుర్తుంది కదా అనుకుంటే కుదరదు. పెద్దవాళ్లకు గుర్తుండేది కథ, పిల్లలకు తగిలేది ఏదో ఒక్క బొమ్మ. రక్తం, నరికేవి ఉన్న చోట్ల ఎన్నో నిమిషమో రాసుకుని, మరునాడు అవి దాటించాను. దాటిస్తున్నానని పిల్లలకు చెప్పే దాటించాను. దాచితే, అందులో ఇంకేదో ఉందని వెతుక్కుంటారు.

శబ్దం సంగతి ముందే చెప్పండి

ఇది నాకు మా అక్క నేర్పింది, చిన్నాయన పెద్దబిడ్డ. అప్పుడు ఇంటర్ చదివేది. ‘రాత్రి’ చూసిన మరునాడు పొద్దున నేను దుప్పటి కప్పుకుని కూర్చుంటే, టీవీ, వీసీఆర్ తీసుకుపోవడానికి మనిషి రాకముందే నన్ను లేపి టీవీ దగ్గరికి తీసుకుపోయింది. ‘ఇగ చూడు’ అని, నేను కళ్లు మూసుకున్న చోటికే క్యాసెట్ తిప్పి, టీవీ వాల్యూమ్ పూర్తిగా తగ్గించింది. నేను ఆమె చున్నీ పట్టుకుని చూశాను. మనిషి నడుస్తోంది. ఆగింది. తిరిగి చూసింది. అంతే. రాత్రి నా గుండె పగిలిపోతుందనిపించిన చోట, పొద్దున పూట ఒక ఆడమనిషి నడవడం తప్ప ఏమీ లేదు. మళ్లీ వెనక్కి తిప్పి వాల్యూమ్ పెంచింది. ఈసారి గుండె దడ వచ్చింది కానీ, అది ఎక్కడి నుంచి వస్తోందో తెలిసింది.

ఆ సినిమా నేపథ్య సంగీతం మణిశర్మదని చాలా ఏళ్లకు తెలిసింది. ఆ పేరు ఎక్కడ కనిపించినా నాకు ఆ పొద్దుటి పూట గుర్తొస్తుంది.

భయం సినిమాల పనితనం చాలావరకు ఇదే. ముందు శబ్దం తగ్గించేస్తారు. మనం చెవులు రిక్కించి, ఊపిరి బిగబట్టి ముందుకు వంగుతాం. అప్పుడు ఒక్కసారిగా పెద్ద చప్పుడు. చప్పుడుకు ఉలిక్కిపడటం శరీరానికి పుట్టుకతో వచ్చింది, మనం ఆలోచించే లోపే భుజాలు ఎగిరిపడతాయి. అడ్రినలిన్ పారుతుంది, గుండె కొట్టుకుంటుంది, చేతులు చల్లబడతాయి. పిల్లలు ఆ దడనే ‘ఇక్కడ ఏదో ఉంది’ అని అనుకుంటారు.

అందుకే సినిమాకు ముందు మా పిల్లలిద్దరికీ ఈ ఆట ఆడించాను. ఒక సీను మొదట మ్యూట్‌లో, తర్వాత శబ్దంతో, ఆ తర్వాత కళ్లు మూసుకుని శబ్దం మాత్రమే. మూడింట్లో ఏది ఎక్కువ భయమో చెప్పమన్నాను. కళ్లు మూసుకుని విన్నదే అన్నారు ఇద్దరూ. ఇక సినిమా నడుస్తుంటే వాళ్లే ‘అత్తమ్మా, మ్యూజిక్ ఆగింది, ఇప్పుడొస్తది సూడు’ అని చెప్పడం మొదలుపెట్టారు. చప్పుడు వచ్చినప్పుడు ఉలిక్కిపడ్డారు, పడి నవ్వారు. ఆ నవ్వు కోసమే ఇదంతా.

చూసేటప్పుడు

పొద్దున పది గంటలకు పెట్టాను. పరదాలు సగం వేసి, సగం తీసి ఉంచాను. వీధిలో కూరగాయల బండి వాని కేక వినిపిస్తూ ఉండాలి. రిమోట్ నా బిడ్డ చేతికిచ్చాను. ఎప్పుడు ఆపాలంటే అప్పుడు ఆపవచ్చు, ఎందుకని ఎవరూ అడగరు అని ముందే మాట ఇచ్చాను. రెండుసార్లు ఆపింది. ఒకసారి నీళ్లు తాగింది, ఒకసారి ఊరికే నా పక్కకు జరిగి కూర్చుంది. నేను ఫోన్ ముట్టలేదు. పక్కనున్న పెద్దమనిషి కూడా తెరనే చూస్తున్నాడని తెలిస్తే పిల్లలకు బలం.

నవ్వవద్దు. వెనక నుంచి భుజం మీద చేయి వేసి జడిపించవద్దు, ఎవరినీ వేయనివ్వవద్దు. దీని సంగతి కింద రాస్తాను.

అయిపోయాక

ఆ రాత్రి కాజీపేటలో క్యాసెట్ అయిపోయాక నాకు ఒంటికి వచ్చింది. పాయిఖానా పెరటి చివర ఉంటుంది. మధ్యలో బొగ్గులు పోసుకునే చిన్న అర్ర, దానికి తలుపు లేదు. సినిమాలో ఇంటి కింద ఒక చీకటి గది ఉంటుంది, ఒక పిల్లి ఉంటుంది. మా క్వార్టర్‌కు కింద గది లేదు కాబట్టి నా మనసు ఆ బొగ్గుల అర్రను పెట్టుకుంది. తోడు రమ్మంటే ఎవరూ లేవలేదు, ‘ఇంత పెద్దపిల్లవు, పో’ అన్నారు. పోయాను. యార్డులో గూడ్సు డబ్బాలు ఒకదానికొకటి తగిలి వరుసగా చప్పుడు అవుతున్నాయి. తిరిగి వస్తుంటే బొగ్గుల అర్రలోంచి పిల్లి అరిచింది. అది మా బావ. ఆయనకు పద్నాలుగేళ్లు. లోపల అందరూ నవ్వడం వినిపించింది. నేను అక్కడే కూలబడ్డాను.

ఇక ఆ వారమంతా అన్నం తినకపోతే ‘పిల్లొస్తది’, మాట వినకపోతే ‘పిల్లొస్తది’.

నాకు జ్వరం వచ్చాక నాయినమ్మ వచ్చింది. ‘పిల్ల జడుసుకున్నది’ అన్నది, అంతే, ఎవరినీ ఏమీ అడగలేదు. ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. సాయంత్రం కాజీపేట దర్గాకు తీసుకుపోయింది. అక్కడికి అన్ని కులాల, మతాల వాళ్లు పిల్లల్ని ఎత్తుకుని వస్తారు. ఊదు పొగ, తల మీద నెమలీకల కట్ట మెత్తగా ఆడటం గుర్తున్నాయి. చేతికి దారం కట్టించింది. రాత్రి పక్కన పడుకుని నా బొటనవేలు పట్టుకుని నిద్రపోయింది, పొద్దున లేచేసరికి కూడా పట్టుకునే ఉంది. దారానికి ఏం శక్తి ఉందన్నది నేనిప్పుడు మాట్లాడను. ఇల్లంతా నవ్విన భయాన్ని ఆమె ఒక్కతే భయమని ఒప్పుకుంది. జ్వరం తగ్గడం అక్కడి నుంచే మొదలైంది.

కాబట్టి సినిమా అయిపోయిన వెంటనే టీవీ ఆపి లేచిపోవద్దు. మేము ముగ్గురం అక్కడే కూర్చుని అన్నం తిన్నాం. ఎక్కడ ఎక్కువ భయమేసిందో ముందు నేను చెప్పాను, తర్వాత వాళ్లు చెప్పారు. మా తమ్ముని కొడుకు ఏమీ లేదన్నాడు. మొగపిల్లలు అలాగే అంటారు, వాళ్లను బలవంతపెట్టవద్దు, కానీ ఆ రాత్రి వాళ్ల మీద కూడా ఒక కన్ను వేయండి. వాడు రాత్రి బాత్రూంకు పోయేటప్పుడు అడగకుండానే నేను లేచి లైటు వేసి, నీళ్లు తాగే వంకతో వంటింట్లో నిలబడ్డాను.

ఆ తినేటప్పుడే వాడు అడిగాడు, ‘అత్తమ్మా, చేతబడి నిజంగ చేస్తరా?’ అని. మంత్రగాడు ఉన్న సినిమా చూపిస్తే ఈ ప్రశ్నకు సిద్ధంగా ఉండండి, దాటవేయకండి. మన జిల్లాల్లో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు ఇప్పటికీ వస్తున్నాయి. నేను తిన్నగానే చెప్పాను. చేతబడి లేదు, మంత్రం పెడితే మనిషి చావడు, కానీ మంత్రం పెట్టారని నమ్మి నిజంగా మనుషుల్ని చంపుతున్నారు, ఊళ్లో ఎవరైనా ఒక ముసలమ్మను వేలెత్తి చూపితే నువ్వు వాళ్లతో కలవద్దు అని. వాడు అన్నం కలపడం ఆపి విన్నాడు.

మంచం దగ్గర కొన్ని చిన్న పనులున్నాయి. కుర్చీ మీద బట్టలు, తలుపుకు తగిలించిన బురఖా, కోటు లాంటివి తీసేయండి, చీకట్లో అవి మనుషులవుతాయి. మంచం కింద టార్చి వేసి పిల్లలతోనే చూపించండి. కరెంటు పోతుంది కాబట్టి ఆ టార్చి వాళ్ల దిండు పక్కనే ఉంచండి. దెయ్యం పేరు చెప్పి అన్నం తినిపించడం, చదివించడం ఎన్నడూ చేయకండి, ఇంటికి వచ్చే చుట్టాలకు కూడా చెప్పండి. ఒకటి రెండు రాత్రులు కలత నిద్ర మామూలే. వారాల తరబడి నిద్రపోకపోయినా, బడికి పోనంటున్నా పిల్లల డాక్టరుకు చూపించండి, పక్క తడుపుతుంటే తిట్టకండి.

మేము ముగ్గురం ఒకే అర్రలో పడుకున్నాం, బయట వరండాలో బల్బు వెలుగుతూ ఉంచి. ఎన్ని రోజులు ఉంచాలో వాళ్లే చెప్పాలన్నాను. మొదటి రాత్రి నా బిడ్డ చేయి నా మీదికి వచ్చింది, నేను బొటనవేలు అందించాను. రెండో రాత్రీ అంతే. మూడో రాత్రి నేను వంటిల్లు సర్దుకుని వచ్చేసరికి వరండా చీకటిగా ఉంది. ‘నేనే బంద్ చేసిన మమ్మీ, కండ్లల్ల పడుతుంది’ అని దుప్పటి లోంచి అన్నది.