తోలుపని మొదలుపెడుతున్నారా? ముందు తోలు చూసుకోండి

కొత్తవాళ్లు చాలామంది ముందే పెద్ద పనిముట్ల సెట్టు కొనేస్తారు. అందులో సగం డబ్బాలోనే ఉండిపోతాయి. ఆ డబ్బు తోలుమీద పెట్టడం మేలు.

మొదటిసారికి వెజిటబుల్ టాన్డ్ తోలే, అంటే చెట్ల బెరడులాంటి వాటి రసంతో శుద్ధి చేసిన తోలే తీసుకోండి. దాని అంచును కాస్త తడిపి కర్రముక్కతో గట్టిగా రుద్దితే నునుపై మెరుస్తుంది. క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన క్రోమ్ తోలు అంచు అలా రాదు, ఎంత రుద్దినా పీచుపీచుగానే ఉంటుంది. కార్డుల పర్సుకు 1.2 నుంచి 1.5 మిల్లీమీటర్ల మందం చాలు, బెల్టుకు 3 నుంచి 3.5 కావాలి. పొట్టభాగం తోలు చవగ్గా దొరుకుతుంది కానీ సాగిపోతుంది. బెల్టుకు మాత్రం వద్దు, వీపు భాగమే అడగండి.

పనిముట్లంటారా, పదునైన కత్తి, స్టీలు స్కేలు, పన్నుకూ పన్నుకూ 4 మిల్లీమీటర్ల ఎడం ఉన్న కుట్టుపంచ్ (కుట్టు రంధ్రాలు వరసగా కొట్టే పళ్ల పనిముట్టు), మొద్దుమొన సూదులు రెండు, మైనం పట్టించిన 0.8 మిల్లీమీటర్ల పాలియెస్టర్ దారం. పంచ్‌మీద కొట్టడానికి చెక్క సుత్తి వాడండి, ఇనుప సుత్తితో కొడితే పంచ్ తల పాడవుతుంది. అంచుకు 3 మిల్లీమీటర్ల లోపల ముందు గీత గీసుకుని, దానిమీదే రంధ్రాలు కొట్టాలి. రెండోసారి పంచ్ పెట్టేటప్పుడు దాని మొదటి పన్ను పాత ఆఖరి రంధ్రంలో పడాలి. లేకపోతే ఎడం తప్పి కుట్టు వంకరపోతుంది.

దారం కుట్టు పొడవుకు నాలుగింతలు తీసుకోండి. నడిమధ్యలో అయిపోతే అతుకు కనబడుతుంది.