పార్కు దారిలో నడిచేవారిని సైకిల్‌పై దాటడం ఎలా?

నడిచేవారికీ సైకిళ్లకూ ఒకే దారి ఉన్న పార్కుల్లో గొడవలు ఎక్కువగా వెనుక నుంచి వచ్చి దాటేటప్పుడే మొదలవుతాయి. అందుకే మిగతావన్నీ రెండు ముక్కల్లో చెప్పేస్తాను.

రెండు బ్రేకులూ నొక్కి చూసుకోండి. టైర్లలో గాలి సరిపడా ఉండాలి. హ్యాండిల్‌కు బొటనవేలితో మోగించే మామూలు బెల్లు ఉండాలి. బ్యాటరీ హారన్ వద్దే వద్దు, దానికి మనుషులు ఉలిక్కిపడతారు. ప్రవేశద్వారం దగ్గర బోర్డు చదవండి. సైకిల్ తొక్కకూడదని ఉంటే దిగి నడిపించుకు వెళ్లాల్సిందే. వేగం గంటకు 15 కిలోమీటర్లు మించకూడదు, జనం ఎక్కువగా ఉంటే అందులో సగమే. వేగం సగానికి తగ్గితే బ్రేకు పట్టాక సైకిల్ ఆగే దూరం నాలుగో వంతుకు తగ్గుతుంది.

ఇక దాటడం. చాలామంది మనిషి వీపు దగ్గరకు వచ్చాక బెల్లు కొడతారు. ఇది చాలా తప్పు. గంటకు 15 కిలోమీటర్ల వేగంలో సైకిల్ సెకనుకు నాలుగు మీటర్లకు పైగా కదులుతుంది. ఎదుటి మనిషికి తల తిప్పేంత వ్యవధి కూడా మిగలదు. కనీసం 20 మీటర్ల వెనుక నుంచే ఒక్కసారి మోగించి, పెడల్ ఆపేయండి. వారు విన్నట్టు ఏదో ఒక గుర్తు కనిపించాలి: తల తిప్పడమో, పక్కకు జరగడమో. ఏమీ కనిపించకపోతే చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉండవచ్చు, వినికిడి తక్కువ కావచ్చు. అప్పుడు బెల్లు వాయించి విసిగించకండి. నడక వేగానికి తగ్గి, “మీ కుడివైపు నుంచి వస్తున్నానండీ” అని మామూలు గొంతుతో చెప్పండి. “తప్పుకోండి” అని అరిచేవాళ్లున్నారు. ఎటు తప్పుకోవాలో అందులో ఎక్కడుంది? కంగారులో ఆ మనిషి సరిగ్గా మీ చక్రం ముందుకే అడుగేస్తారు.

ఇద్దరు ముగ్గురు పక్కపక్కన నడుస్తుంటే మరింత ఓపిక కావాలి. బెల్లు వినగానే చెరోవైపు జరుగుతారు, మరుక్షణం ఒకరు తమవాళ్ల వైపు తిరిగి వచ్చేస్తారు. అందరూ ఒక పక్కకు కుదురుకున్నాకే కదలండి. బిడ్డ ఒకవైపు, తల్లి మరోవైపు ఉంటే వారి మధ్య నుంచి ఎప్పుడూ వెళ్లకండి. బిడ్డ తల్లి దగ్గరకు పరుగెత్తి తీరుతుంది. కుక్క, యజమాని చెరోవైపు ఉన్నా అంతే, మధ్యలో సాగిన తాడు దూరం నుంచి కనిపించదు.

దాటేటప్పుడు మీ హ్యాండిల్ చివరకూ వారి భుజానికీ మధ్య కనీసం ఒక చేయి పొడవు ఎడం ఉండాలి. అంత చోటు లేకపోతే వెనుకే నెమ్మదిగా రండి. మలుపుల్లో అసలు దాటకండి. దాటిన వెంటనే వారి ముందుకు అడ్డంగా రాకుండా, రెండు సైకిళ్ల పొడవు వెళ్లాకే పక్కకు జరగండి.

నడిచేవారికి చెప్పేది కొంచెమే. బెల్లు వినిపిస్తే ఎగిరి పక్కకు దూకకుండా, నడిచే వరుసలోనే సాగండి. ఆగాలన్నా, వెనక్కి తిరగాలన్నా ముందు ఒకసారి భుజం మీదుగా చూడండి.