నాన్నగారు పోయాక కాగితాల పని, మూడో పాఠం: కేసు ఏ ఊరి కోర్టులో?

కిందటి పాఠంలో చెప్పిన పని చేసే ఉంటారు. డెత్ సర్టిఫికెట్, సచివాలయంలో అప్లై చేసి తెచ్చుకున్న ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఎఫ్‌డీ రసీదులు, షేర్లుంటే డీమ్యాట్ స్టేట్‌మెంటు, అన్నీ ఒక ఫైల్లో పెట్టారు కదా. ఇవాళ ఆ ఫైలు పట్టుకుని ఏ ఊరి కోర్టు మెట్లెక్కాలో తేల్చుకోవడం నేర్చుకుందాం. ఇదీ ఒక పాఠమేనా అనిపిస్తుంది కానీ, గుంటూరులో ఒక వకీలు గారి దగ్గర ఇరవై రెండేళ్లు గుమాస్తాగా చేసినవాణ్ణి, వారసత్వ కేసుల్లో నెలలకు నెలలు నీళ్లలో కలిసిపోయేది ఇక్కడే అని బల్ల గుద్ది చెప్పగలను. నా సొంత బాబాయి కేసులో నేనే ఆ తప్పు చేశాను, ఆ కథ కాసేపాగి చెప్తా.

అసలు మీకు కోర్టు అవసరమా అన్నది ముందు చూసుకోండి. బ్యాంకులో నామినీ పేరుంటే డబ్బు నామినీకి ఇచ్చేస్తారు. (నామినీ అంటే ఓనరు కాదు, మిగతా వారసుల తరఫున డబ్బు అందుకునే మనిషి మాత్రమే. షేర్ల విషయంలో కూడా సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో ఇదే మాట చెప్పింది. అన్నయ్య నామినీ కదా అని చెల్లెలి వాటా ఎక్కడికీ పోదు.) నామినీ లేకపోయినా, విల్లు లేకుండా, ఇంట్లో తగాదా లేకుండా ఉంటే మామూలు బ్యాంకులో 15 లక్షల దాకా, సహకార బ్యాంకులో 5 లక్షల దాకా కోర్టు కాగితం అడక్కుండానే తేల్చాలని ఆర్‌బీఐ 2025లో బ్యాంకులకు ఆదేశాలిచ్చింది. ఆ లోపు మొత్తమైతే ముందు బ్రాంచి మేనేజర్‌తో మాట్లాడండి, కోర్టు సంగతి తర్వాత.

ఆ గీత దాటితేనో, వారసుల్లో ఎవరో ఒకరు సంతకం పెట్టనంటేనో కోర్టుకి రావాలి. అక్కడ రెండు దారులున్నాయి. మనవాళ్లు రెంటినీ కలిపి ‘వారసత్వం సర్టిఫికెట్టు’ అనేస్తారు, చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

మొదటిది సక్సెషన్ సర్టిఫికెట్. విల్లు లేనప్పుడు, పోయిన మనిషికి రావాల్సిన బాకీలు, బ్యాంకు డబ్బు, షేర్లు, బాండ్ల కోసం ఇది. పొలానికీ ఇంటికీ ఇది పనికిరాదు, ఎంతమందికి చెప్పినా ఎకరం పొలం కోసం ఈ పిటిషన్ వేయించమని అడిగేవాళ్లు వస్తూనే ఉంటారు. స్థిరాస్తికి విల్లు లేక, గొడవా లేకపోతే అందరూ కలిసి సబ్ రిజిస్ట్రారు దగ్గర పంపకాల దస్తావేజు రాయించుకుంటే సరిపోతుంది. గొడవ ఉంటే పార్టిషన్ దావా వేయాలి, అది వేరే లోకం. రెండో దారి ప్రొబేట్. అంటే విల్లు నిజమైనదేనని కోర్టు చేత ముద్ర వేయించుకోవడం. విల్లులో ఎగ్జిక్యూటర్ (విల్లుని అమలు చేసే మనిషి) అని ఎవరినైనా రాసి ఉంటే ఆయన ప్రొబేట్ అడుగుతాడు, రాయకపోతే విల్లు ప్రకారం ఆస్తి వచ్చేవాళ్లు విల్లు జతచేసిన లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ (ఆ పని చేసే అధికారమిచ్చే కోర్టు పత్రం) అడుగుతారు. మన గుంటూరు, బెజవాడ హిందూ కుటుంబాల్లో ఇక్కడి ఆస్తికి ఇక్కడే రాసిన విల్లుకి ప్రొబేట్ తప్పనిసరి కాదు. మద్రాసు, బొంబాయి, కలకత్తా వైపు ఉండిన నియమం అది, 2025 డిసెంబరులో దాన్నీ చట్టంలోంచి తీసేశారు. మనకు అవసరమొచ్చేది విల్లు మీద ఎవరైనా వేలు చూపించినప్పుడో, బ్యాంకు పట్టుబట్టినప్పుడో.

ఇప్పుడు అసలు పాఠం. 1925 నాటి భారత వారసత్వ చట్టంలో ఈ రెండు దారులకూ ఊరి లెక్క వేరువేరుగా ఉంది, చాలామంది పట్టించుకోనిది ఇదే. సక్సెషన్ సర్టిఫికెట్‌కి 371వ సెక్షన్. పోయిన మనిషి పోయే నాటికి మామూలుగా ఎక్కడ కాపురం ఉన్నాడో ఆ ఊరి మీద అధికారం ఉన్న కోర్టే. ఆస్తి ఎక్కడుందన్నది, ఆయనకు స్థిరమైన ఇల్లంటూ లేనప్పుడే లెక్కలోకి వస్తుంది. ప్రొబేట్‌కి 270వ సెక్షన్, ఇది కాస్త ఉదారం. స్థిర నివాసం ఉన్న చోట వేయొచ్చు, లేదా ఏ కొంచెం ఆస్తి ఉన్న చోటైనా వేయొచ్చు. అయితే ఆస్తి మాత్రమే ఉండి ఆయన కాపురం లేని జిల్లాలో వేస్తే, ఇంకో జిల్లాలో అయితే న్యాయంగా, సుళువుగా తేలుతుందనిపిస్తే ఆ జడ్జి గారు కాదనొచ్చు. అది 271.

సక్సెషన్ పిటిషన్లు మన వైపు మామూలుగా సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో వేస్తారు, ఎస్.ఓ.పి. (సక్సెషన్ ఒరిజినల్ పిటిషన్) అని నెంబరు పడుతుంది. ప్రొబేట్ అయితే జిల్లా జడ్జి దగ్గర ఓ.పి. (ఒరిజినల్ పిటిషన్). అంతే తేడా. ఇంకో మాట, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టారు కదా, ఆ కలెక్టరేట్ మ్యాపు చూసి కోర్టు నిర్ణయించుకోకండి. రెవెన్యూ జిల్లా గీత ఒకటి, కోర్టు గీత ఒకటి. మీ ఊరు ఏ కోర్టు కిందికి వస్తుందో ఆ కోర్టు ఆఫీసులోనే అడగండి.

ఇక బాబాయి కథ. ఆయనది తెనాలి, సొంత ఇల్లు. కిడ్నీ జబ్బు వచ్చాక డయాలసిస్ కోసం బెజవాడలో ఉన్న వాళ్లబ్బాయి, అంటే మా తమ్ముడి ఇంటికి మకాం మార్చారు, పద్నాలుగు నెలలు అక్కడే ఉన్నారు, చివరికి బెజవాడ ఆసుపత్రిలోనే పోయారు. ఎఫ్‌డీలున్న బ్రాంచి కూడా బెజవాడలోనే. పిన్ని అక్కడే ఉంది, తమ్ముడు అక్కడే, బ్యాంకు అక్కడే, ఇంకేం కావాలి అనుకుని నేనే టైపు చేయించి బెజవాడ కోర్టులో వేయించాను. నెంబరు కూడా పడింది. నోటీసులకు బత్తా (వాటిని పంపే ఖర్చు) కట్టాం, పేపర్లో ప్రకటన వేశాం, డల్లాస్‌లో ఉన్న చెల్లెలి దగ్గర్నుంచి పవరాఫ్ అటార్నీ తెప్పించాం, దానికి మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి కాబట్టి ఆ పరుగు వేరే. తీరా పిన్ని సాక్ష్యం రోజున జడ్జి గారు డెత్ సర్టిఫికెట్ అటూ ఇటూ తిప్పి ‘ఈయన కాపురం ఎక్కడమ్మా?’ అని అడిగారు. పిన్ని ఉన్నదున్నట్టు, ‘తెనాలేనండీ, ఇక్కడికి వైద్యానికొచ్చాం’ అంది.

అంతే. సరైన కోర్టులో దాఖలు చేసుకోమని పిటిషన్ వాపసిచ్చారు. వెనక పేజీలో ఎండార్స్‌మెంట్, ఎప్పుడు దాఖలైంది, ఎప్పుడు వాపసైంది, ఎవరు వేశారు, కారణం ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యం ఖరీదు మాకు తొమ్మిది నెలలు, మధ్యలో వేసవి సెలవులు కలుపుకుని. తెనాలిలో మళ్లీ కొత్త నెంబరు, కొత్త నోటీసులు, కొత్త ప్రకటన. పిన్ని నన్నేమీ అనలేదు, అదే ఇంకా బాధ. నిజానికి ఆ కాగితం మొదటి రోజునుంచీ నా బల్ల మీదే ఉంది. ఇప్పుడు మీదీ తీసి చూడండి. డెత్ సర్టిఫికెట్లో మరణించిన స్థలం ఒక గడి. మరణించే నాటి చిరునామా ఇంకో గడి. శాశ్వత చిరునామా మూడో గడి. మొదటి గడి కోర్టుని నిర్ణయించదు, ఆసుపత్రి ఎవరికీ కాపురం కాదు. రెండోదీ మూడోదీ ఒకటే అయితే మీ పని సులువు. అవి వేరైతే పిటిషన్లో ఒక పేరా జాగ్రత్తగా రాయాలి, ఇదిగో ఇలా:

‘మృతుడు తెనాలి పట్టణములోని సొంత ఇంటిలో 1998 నుండి నివసించినారు. కిడ్నీ వైద్యము నిమిత్తము మాత్రమే చివరి 14 నెలలు విజయవాడలో కుమారుని ఇంట తాత్కాలికముగా ఉండి, అక్కడి ఆసుపత్రిలో మరణించినారు. ఓటరు కార్డు, రేషన్ కార్డు, ఇంటి పన్ను, గ్యాస్ కనెక్షన్ చివరి వరకు తెనాలి చిరునామాతోనే ఉన్నవి.’

తాత్కాలికము అన్న మాటొక్కటి రాస్తే చాలదు, దానికి రుజువు కింద పన్ను రసీదో ఓటరు కార్డో ఫైల్లో ఉండాలి. ఇల్లు అమ్మేసి, రేషన్ కార్డు మార్పించుకుని పూర్తిగా కొడుకు దగ్గరికి వచ్చేసిన వాళ్లయితే లెక్క తిరగబడుతుంది, అప్పుడు కొడుకు ఊరే ఆయన కాపురం. బ్యాంకు బెజవాడలో ఉంది, తెనాలి సర్టిఫికెట్ ఒప్పుకుంటారా అని టెన్షన్ పడొద్దు. సక్సెషన్ సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. మర్చిపోయిన ఎఫ్‌డీ తర్వాత బయటపడితే కొత్త కేసు కూడా అక్కర్లేదు, ఉన్న సర్టిఫికెట్‌నే దానికి పొడిగించమని అదే కోర్టుని అడగొచ్చు.

కోర్టు సరిగ్గా ఎంచుకున్నా ఫైలు ఒక్కచోట కూర్చోదు. ముందు తాత్కాలికంగా ఎస్.ఆర్. నెంబరు వేస్తారు, ఆఫీసు వాళ్లు చూసి ఏదో ఒక ఆబ్జెక్షన్‌తో రిటర్న్ చేస్తారు, మనం సరిదిద్ది మళ్లీ దాఖలు (రీప్రెజెంట్) చేస్తాం, అప్పుడు అసలు నెంబరు. ఈ రిటర్న్‌కీ బాబాయి కేసులో వచ్చిన వాపసుకీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా, కంగారు పడకండి. తర్వాత ప్రిన్సిపల్ కోర్టులో నెంబరైన ఫైలు పని పంచుకోవడం కోసం అడిషనల్ కోర్టుకి వెళ్తుంది, దీన్ని మేడోవర్ అంటారు. మనం అడిగేది కాదు, మనకు నష్టమూ లేదు. కాకపోతే పాత హాల్లో కూర్చుని పేరు పిలవలేదని సాయంత్రం ఇంటికెళ్లిన వాళ్లను చూశాను, ఈలోపు పక్క హాల్లో వాళ్ల కేసు పిలవడమూ, హాజరు లేదని రాయడమూ అయిపోయింది. వాయిదాకి ముందురోజు రాత్రి ఈకోర్ట్స్ యాప్‌లో పార్టీ పేరుతో వెతికి ఏ కోర్టు, ఏ హాలు అని చూసుకోండి.

మనమే అడిగి మార్పించుకునేది ఇంకో రకం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 24వ సెక్షన్ కింద ట్రాన్స్‌ఫర్ పిటిషన్. ఒకే జిల్లాలో ఒక కోర్టు నుంచి ఇంకో కోర్టుకైతే జిల్లా జడ్జి, రాష్ట్రంలో జిల్లా దాటాలంటే నేలపాడులో ఉన్న మన హైకోర్టు. ఎప్పుడు అవసరమవుతుందంటే, తండ్రి విల్లుందని అన్న గుంటూరులో ఓ.పి. వేస్తాడు, విల్లే లేదని చెల్లెలు నరసరావుపేటలో ఎస్.ఓ.పి. వేస్తుంది. ఒకే డబ్బు మీద రెండు చోట్ల రెండు తీర్పులు రాకూడదు కాబట్టి రెండూ ఒకచోటికి తెమ్మని అడుగుతారు. ఆ చెల్లెలు హైదరాబాద్‌లో వేసిందనుకోండి, 2019 జనవరి 1 నుంచి రెండు రాష్ట్రాల హైకోర్టులూ వేరు, ఒక హైకోర్టు తన కింది కేసుని ఇంకో హైకోర్టు కిందికి పంపలేదు. దానికి 25వ సెక్షన్ కింద ఢిల్లీలో సుప్రీంకోర్టుకే వెళ్లాలి. దూరం, రాకపోకల ఖర్చు అని చెప్తే వింటారు. జడ్జి గారు వాయిదాలు ఎక్కువిస్తున్నారు అన్నది మాత్రం కారణంగా రాయకండి, నా అనుభవంలో దానివల్ల ఒక్క ఫైలూ కదల్లేదు.

మరి ప్రొబేట్ ఓ.పి.లో ఎవరైనా వచ్చి ఈ సంతకం మా నాన్నది కాదు అంటే? ఫైలు ఊరు మారదు, రూపం మారుతుంది. పిటిషన్ వేసినవాళ్లు వాది, ఎదురు చెప్పినవాళ్లు ప్రతివాది అయ్యి అది దాదాపు దావాలా నడుస్తుంది, నెంబరు కూడా ఓ.ఎస్. (ఒరిజినల్ సూట్, అంటే దావా) అవుతుంది. అక్కణ్ణుంచి విల్లు సాక్షుల్లో కనీసం ఒక్కరు బతికుంటే బోనెక్కించాల్సిందే. ఆ సాక్షిని ఎలా సిద్ధం చేసుకోవాలో ఐదో పాఠంలో చెప్తాను.

ఈ వారం హోంవర్కు. మీ డెత్ సర్టిఫికెట్లో మూడు గడులూ ఒక తెల్ల కాగితం మీద రాసుకోండి. కింద, ఆయన చివరి రెండేళ్లూ ఏ నెల ఎక్కడ ఉన్నారో గుర్తున్నంత వరకు రాయండి, అమ్మని అడిగితే కచ్చితంగా చెప్తుంది, మందుల చీటీల తేదీలు కూడా పనికొస్తాయి. అది చూసుకుంటూ పైన నేనిచ్చిన పేరాని మీ ఊరి పేరుతో తిరగరాయండి. ఇంకో లెక్క కూడా చేసి చూడండి: మంగళగిరిలో ఇల్లున్న ఒకాయన ఆరు నెలల వీసా మీద అమెరికాలో కూతురి దగ్గరికి వెళ్లి అక్కడే పోయారు, ఎఫ్‌డీ గుంటూరులో, షేర్లు డీమ్యాట్‌లో, విల్లు లేదు. ఏ ఊరు? జవాబు వచ్చే పాఠంలో, పేపరు ప్రకటన ఎలా వేయించాలో చెప్పేటప్పుడు.