కంపెనీ మూసేసినా మీ ట్యూనర్ మూలన పడకుండా ఉండాలంటే

హ్యామ్ రేడియో సామాను చేసే అమెరికా కంపెనీ ఎంఎఫ్‌జే తయారీ ఆపేసినప్పటి నుంచి పర్లాకిమిడి, బరంపురం, రాయగడ వైపు ఏ ఇద్దరు హ్యామ్‌లు (లైసెన్సు తీసుకుని సరదాకి సొంత రేడియో స్టేషన్ నడిపేవాళ్లు) కలిసినా ఒకటే టెన్షన్, ఉన్న ట్యూనర్ (రేడియోకూ యాంటెన్నాకూ పొత్తు కుదిర్చే పెట్టె) పాడైతే ఏం చేయాలి, పార్టులు దొరక్కముందే ఇంకోటి కొని పెట్టుకోవాలా అని. కంగారుపడి కొనకండి. ముందు మీ దగ్గరున్నది ఏ రకమో చూసుకోండి, ఎందుకంటే కొన్ని మన పిల్లల కాలం దాకా నడుస్తాయి, కొన్ని ఒక్క చిప్పు పోతే డబ్బాగా మిగులుతాయి.

సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1972లో మార్టిన్ జూ అనే ఆయన అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం స్టార్క్‌విల్‌లో పెట్టిన కంపెనీ ఇది, మోర్స్ కోడ్ (చుక్కా గీతల సంకేతాలు) వినేవాళ్లకు పనికొచ్చే చిన్న ఫిల్టర్ కిట్‌తో మొదలైంది. అక్కడి తయారీ 2024 మే 17తో ఆగిపోతుందని ఏప్రిల్‌లో ప్రకటించారు. అమెరిట్రాన్, హైగెయిన్, కుష్‌క్రాఫ్ట్, మిరాజ్, వెక్ట్రానిక్స్ కూడా అప్పట్లో వీళ్లవే కాబట్టి ఆ పేర్లున్న సామాను వాడేవాళ్లకూ ఇదంతా వర్తిస్తుంది. ఉన్న సరుకు అమ్ముతామనీ, రిపేర్లు ఇంకా చేస్తామనీ అప్పట్లో చెప్పారు గానీ, పర్లాకిమిడి నుంచి మిసిసిపీకి పంపి వెనక్కి తెప్పించుకునే ఖర్చు ఎవరు భరిస్తారు చెప్పండి.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని కాగితాలు పోగు చేయడం. మీ మోడల్ మాన్యువల్ పీడీఎఫ్ ఇవాళే దించుకోండి, ఫోన్లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి పెట్టి, సర్క్యూట్ ఉన్న పేజీని ప్రింటు తీసి ట్యూనర్ మూత లోపలో, పెట్టెలోనో ఉంచండి. మా ఊళ్లో టీవీలు, స్టెబిలైజర్లు బాగుచేసే పెద్దాయన ఉన్నారు, హ్యామ్ రేడియో అంటే ఏంటో ఆయనకు అక్కర్లేదు, ఏ సామాను పట్టుకెళ్లినా అడిగేది ఒకటే, "సర్క్యూట్ కాగితం తెచ్చారా బాబూ?" అని. అది ఉంటే చేసిస్తారు. ఇంట్లోనే బిగించుకునే రేడియో కిట్లు అమ్మిన హీత్‌కిట్ కంపెనీ 1992లోనే వాటిని ఆపేసింది, అయినా ఆ సెట్లు ఇప్పటికీ పలుకుతున్నాయంటే వాటి మాన్యువల్‌లో ప్రతి రెసిస్టర్ విలువా, ప్రతి తీగ పోయే దారీ రాసి ఉండటమే కారణం.

ఇక చేత్తో నాబ్‌లు తిప్పే మాన్యువల్ ట్యూనర్ సంగతి. ఎంఎఫ్‌జే 949ఈ మోడల్ లాంటిది ఉంటే మీరు అదృష్టవంతులు. లోపల రెండు గ్యాంగ్ కండెన్సర్లు (నాబ్ తిప్పితే రేకులు కదిలేవి), ఒక కాయిల్, ఎ నుంచి ఎల్ దాకా 12 స్థానాలున్న స్విచ్, ఒక మీటరు, ఒక బేలన్ (రెండు తీగల ఫీడరును కలిపే ట్రాన్స్‌ఫార్మర్), ఒక డమ్మీ లోడ్ (పరీక్షకు యాంటెన్నా బదులు పెట్టే రెసిస్టర్), అంతే. పాడవ్వడానికి అందులో పెద్దగా ఏమీ లేదు, మన వైపు తేమే దాని అసలు శత్రువు. గోపాలపురం (ఒడిశా గోపాల్‌పూర్) పక్కన ఉప్పుగాలి, మహేంద్రగిరి వైపు వానాకాలమంతా చెమ్మ, దాంతో స్విచ్ కాంటాక్టులు నల్లబడి, నిన్న బాగా ట్యూన్ అయిన బ్యాండులో ఇవాళ ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే కొలత) ముల్లు గంతులేస్తుంది.

శుభ్రం చేసే పద్ధతి చెప్తాను. రిగ్ (రేడియో సెట్టు), యాంటెన్నా, 12 వోల్టుల లైటు వైరు, అన్నీ పీకేసి మూత స్క్రూలు తీయండి. ముందు చేతికందిన ప్రతి నట్టూ, ప్రతి స్క్రూ ఒకసారి బిగించండి (ఎంఎఫ్‌జే సామాను కొన్నాక మొదటి పని స్క్రూడ్రైవర్ తీయడమే అని హ్యామ్‌లలో పాత జోకు). మెత్తటి పెయింటింగ్ బ్రష్‌తో కండెన్సర్ రేకుల మధ్య దుమ్ము దులపండి. రేకుల మీద కాంటాక్ట్ క్లీనర్ మాత్రం కొట్టొద్దు, అందులో నూనె ఉంటే దాని మీద దుమ్ము ఇంకా పట్టేసి, పవర్ పెంచినప్పుడు టపటపమని మెరుపులొస్తాయి. క్లీనర్ స్విచ్‌కే, అదీ కొంచెమే. కొట్టాక నాబ్‌ను అటూ ఇటూ బాగా తిప్పండి, నలుపు అదే వదులుతుంది. క్లీనర్ దొరక్కపోతే సెల్‌ఫోన్ రిపేరు షాపులో ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ఉంటుంది, దూదిపుల్లకు అద్ది తుడిస్తే చాలు. ఉప్పుకాగితంతో గీకితే కాంటాక్టు మీది పూత పోతుంది, దాని జోలికి పోవద్దు.

తర్వాత మల్టీమీటర్ బజర్‌లో పెట్టి, కండెన్సర్ కదిలే రేకులకు ఒక కొస, కదలని రేకులకు ఇంకో కొస తగిలించి నాబ్‌ను ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా తిప్పండి. ఎక్కడైనా కూసిందా, అక్కడ ఏదో రేకు వంగింది. పెళ్లి శుభలేఖ లాంటి గట్టి అట్టముక్కను సందులో దూర్చి మెల్లగా సరిచేయండి. డమ్మీ లోడ్ స్థానంలో పెట్టి ట్రాన్స్‌మీటర్ సాకెట్ దగ్గర కొలిస్తే ఇంచుమించు 50 ఓములు చూపాలి, చూపకపోతే ఆ రెసిస్టర్ కాలిందని అర్థం. మీటరు బల్బు పోతే ఒక ఎల్‌ఈడీకి కిలో ఓము రెసిస్టర్ సిరీస్‌లో కలిపి పెట్టేయండి. అలవాటుగా పాటించాల్సింది ఒకటుంది, ట్రాన్స్‌మిట్ చేస్తూ ఇండక్టర్ స్విచ్ (ఆ 12 స్థానాలది) తిప్పకూడదు. ఆ క్షణంలో వచ్చే మెరుపు కాంటాక్టును తినేస్తుంది, అచ్చంగా అదే స్విచ్ దొరకడం ఇప్పుడు కష్టం.

ఎంఎఫ్‌జే 259బీ లాంటి యాంటెన్నా ఎనలైజర్ (యాంటెన్నా సరిగ్గా ఉందో లేదో కొలిచే పరికరం) దగ్గర నాకంత ధీమా లేదు. అందులో ప్రోగ్రామ్ చేసిన చిప్పు ఉంటుంది, అది పోతే కోఠీ గుజరాతీ గల్లీ అంతా తిరిగినా, చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లినా దొరకదు. ఆటోమేటిక్ ట్యూనర్లదీ ఇదే తంతు. ఎనలైజర్‌లో ఎక్కువగా పోయేవి ముందున్న డిటెక్టర్ డయోడ్లు, అవి పోయేది యాంటెన్నాలో పేరుకున్న స్టాటిక్ కరెంటు వల్ల. ఉరుములు వినబడే రోజుల్లో కోయాక్స్‌ను (యాంటెన్నా కేబుల్‌ను) ఎనలైజర్‌కు తగిలించే ముందు నడిమి పిన్నునూ బయటి షీల్డునూ ఒకసారి కలిపి వదలండి. అలమారాలో పెట్టేటప్పుడు పది సెల్లులూ తీసేయండి, కారితే లోపలంతా తినేస్తాయి. లోపలి ప్రీసెట్లు (కంపెనీ సరిచేసి పెట్టిన చిన్న స్క్రూలు) తిప్పొద్దు. అది పూర్తిగా చచ్చిపోతే ఏడవకండి, నానోవీఎన్ఏ అనే చిన్న ఎనలైజర్ తక్కువ ధరలోనే దొరుకుతుంది, పని కూడా ఇంకా బాగా చేస్తుంది, కాకపోతే దానికి రిగ్ పవర్ పొరపాటున కూడా తగలకూడదు.

హైగెయిన్, కుష్‌క్రాఫ్ట్ యాంటెన్నాలు ఉన్నవాళ్లు అవి బాగున్నప్పుడే టేపు పట్టుకుని ప్రతి గొట్టం పొడవూ, లావూ, జాయింట్ల దూరాలూ కొలిచి పెట్టుకోండి, జాయింటు దగ్గర పెయింటుతో గీత గీయండి. గొట్టం విరిగితే అల్యూమినియం షాపులో అదే లావుది కోయించొచ్చు. ట్రాప్‌లు (ఒకే యాంటెన్నా చాలా బ్యాండుల్లో పనిచేసేందుకు గొట్టాల మధ్య పెట్టే కాయిల్ డబ్బాలు) చితికిపోతే మాత్రం కష్టం, అందుకే అక్టోబరులో తుపాను హెచ్చరిక రాగానే దించేయండి. 2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ పలాస వైపు నుంచి వచ్చి గజపతి జిల్లాను ఊడ్చేసింది, రెండూ అక్టోబరులోనే. ఫోన్లు మూగబోయిన రోజున పనికొస్తాయనే కదా ఇవన్నీ పెట్టుకున్నాం, ఆ రోజుకు ఒక తీగ డైపోలు (రెండు తీగముక్కల సాదా యాంటెన్నా), కోయాక్స్ చుట్టా విడిగా దాచి ఉంచండి. అమెరిట్రాన్ యాంప్లిఫయర్ ఉంటే లోపల వేల వోల్టులుంటాయి, ప్లగ్గు పీకినా కండెన్సర్లలో మిగులుతాయి, తెలిసినవాళ్లు పక్కన లేకుండా మూత తీయొద్దు.

కొత్తది కావాలంటే? నా ఓటు సర్క్యూట్ బయట పెట్టిన సామానుకే. హైదరాబాద్ హ్యామ్ అష్హర్ ఫర్హాన్ బిట్‌ఎక్స్, మైక్రో బిట్‌ఎక్స్ రిగ్‌ల సర్క్యూట్లు అందరికీ ఇచ్చేశారు. రేపు వాటి అమ్మకం ఆగినా బొమ్మ మన చేతిలో ఉంటుంది. ట్యూనర్ అయితే పాత వాల్వు రేడియో గ్యాంగ్ కండెన్సర్లతో తక్కువ పవర్‌కు ఇంట్లోనే కట్టుకోవచ్చు.

పాతది కొనేటట్టయితే, "ఇక దొరకదు కదా అన్నా" అంటూ రేటు పెంచే అమ్మకందారులు తయారయ్యారు, ఆ మాటకు పడిపోకండి. పాతపట్నం వాళ్లయినా, పలాస వాళ్లయినా ఇంటికే వెళ్లి చూడండి. మీ మల్టీమీటర్ మీరే పట్టుకెళ్లండి, మూత తీయించి కాయిల్ చుట్లలో కాలిన మచ్చలున్నాయేమో, స్విచ్ ఏ స్థానంలోనైనా జారుతోందేమో చూడండి, డమ్మీ లోడ్ కొలవండి. ట్రాన్స్‌మీటర్ ఉన్నదైతే ఇద్దరి లైసెన్సులూ ముందుంచుకుని రసీదు రాయించుకోండి. మూత తీయనివ్వనంటే మాత్రం టీ తాగి వచ్చేయండి.