బెజవాడ ఎండలకు రాగి అంబలి, నిద్రకు సాయంత్రం నడక

రాత్రే 2 పెద్ద చెంచాల రాగి పిండిని గ్లాసు చన్నీళ్లలో కలిపి మూతపెట్టండి. పొద్దున 2 గ్లాసుల నీళ్లు మరిగాక, పులిసిన ఆ పిండి పోసి సన్నసెగ మీద 8 నిమిషాలు గరిటె ఆపకుండా తిప్పండి. పొడి పిండిని నేరుగా మరిగే నీళ్లలో వేస్తే పైపొర ఉడికి, లోపల పచ్చిగా ఉండలు కడుతుంది. పూర్తిగా చల్లారాకే మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు. వేడిమీద పోస్తే మజ్జిగ విరిగిపోతుంది. షుగర్ ఉన్నవాళ్లు బెల్లం జోలికి పోవద్దు.

ఎండ తగ్గాక కృష్ణ ఒడ్డున అరగంట నడవండి. సాయంత్రం 4 దాటాక టీ మానండి, కెఫీన్ గంటల తరబడి ఒంట్లోనే ఉండి నిద్ర చెడగొడుతుంది.

నిద్ర పట్టక దిగులుగా ఉంటే, రెండు వారాలైనా అది తగ్గకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.